సాయంత్రం ఏడింటికి ఏం వండాలి?

ఖర్చు తగ్గించుకుందామని అనుకున్న ఇంట్లో మొదట బయటికొచ్చేది కిరాణా చీటీ. కందిపప్పు ఏ కొట్లో నాలుగు రూపాయలు తక్కువ, నూనె ప్యాకెట్ ఎక్కడ చవక అని వెతుకులాట మొదలవుతుంది. వెతకడంలో తప్పులేదు. కానీ ఆలుమగలిద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో అసలు చిల్లు సాయంత్రం ఏడు గంటల దగ్గర ఉంటుంది.

అప్పుడే ఇల్లు చేరారు. పిల్లలు ఆకలంటున్నారు. ఆదివారం కొన్న బెండకాయలు ఫ్రిజ్‌లో వడలిపోతున్నాయి. వాటిని కడిగి, తుడిచి, తరిగి, జిగురు పోయేదాకా వేయించే ఓపిక ఒంట్లో లేదు. ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. నలుగురికి ఒక పూట భోజనం బయటి నుంచి తెప్పిస్తే, ప్యాకింగూ డెలివరీ ఛార్జీలతో కలిపి, ఆ డబ్బుకి కిలోల కొద్దీ కందిపప్పు వస్తుంది. బెండకాయలు ఎలాగూ రెండ్రోజుల్లో చెత్తబుట్టలో పడతాయి. ఒక్క పూట తిండికి రెండుసార్లు డబ్బు కట్టామన్న సంగతి ఏ పద్దులోనూ కనబడదు.

ఈ అధ్యాయంలో చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆ గంట కోసమే. ఏడింటికి వంట కొత్తగా మొదలుకాకూడదు. సగం అయి ఉన్న వంట పూర్తి కావాలి. పాతకాలం వంటిళ్ళు ఇలాగే నడిచేవి. జాడీలో ఊరగాయ, డబ్బాలో కందిపొడి, ఉట్టిలో పెరుగు ఉంటే చుట్టం ఏ వేళకి వచ్చినా ఎసరు పెట్టి అన్నం ఒక్కటి వండితే సరిపోయేది. అయితే ఆ ఏర్పాటు వెనక ఒక ఆడమనిషి రోజంతా వంటింట్లోనే గడిపేది. ఏర్పాటు మనం తీసుకుందాం, ఆ చాకిరీని అక్కడే వదిలేద్దాం. మనకి మిక్సీ ఉంది, కుక్కర్ ఉంది, ఫ్రిజ్ ఉంది. వారానికి రెండు గంటలు కేటాయిస్తే చాలు.

పొడి డబ్బాలు

మొదటి ఆదివారం వేరే ఏమీ చేయకండి. కందిపొడి ఒక్కటి కొట్టి పెట్టండి. గ్లాసు కందిపప్పు, అర గ్లాసు పుట్నాలు, పది పన్నెండు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఉప్పు. ఇంగువ గానీ నాలుగు వెల్లుల్లి రెబ్బలు గానీ మీ ఇంటి అలవాటును బట్టి. కందిపప్పుని మందపాటి మూకుట్లో సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఇక్కడే తొందరపడతారు అందరూ. పెద్ద మంట మీద పైన ఎర్రబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అలాంటి పొడి నాలుక మీద పిండి పిండిగా తగులుతుంది, తొందరగా చెడుతుంది కూడా. ఎండుమిర్చి, జీలకర్ర అదే వేడి మీద వేయించుకోవచ్చు. పుట్నాలు ముందే వేయించినవి కాబట్టి చివర్లో వేసి వెచ్చబెడితే చాలు. పూర్తిగా చల్లారాక కాస్త బరకగా మిక్సీ పట్టాలి. వేడి మీద పడితే మిక్సీ జారు మూతకి ఆవిరి పట్టి ఆ తడి పొడిలోకి దిగుతుంది. గాలి తగలని సీసాలో, తడి చెంచా తగలకుండా ఉంచితే నెల్లాళ్ళు నిక్షేపంగా ఉంటుంది.

వేడన్నం, కందిపొడి, నెయ్యి, పక్కన ఒక అప్పడం, చివర్లో పెరుగు. ఇది భోజనమే. దీన్ని "ఇవాళ ఏమీ వండలేదు" అని చెప్పుకోవడం మానేయాలి.

తర్వాతి వారం ఇంకో పొడి. కరివేపాకు రెండు రూపాయలకి గుప్పెడు వచ్చిన రోజులు పోయినా, కుండీలో చెట్టున్న ఇళ్ళలో ఇప్పటికీ మిగిలిపోతూనే ఉంటుంది. కడిగి నీడన ఆరబెట్టి, కొద్ది నూనెలో గలగలలాడేలా వేయించి, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి, చిన్న చింతపండు రెబ్బతో కొట్టుకోవచ్చు. మునగాకు దొరికితే అదీ ఇలాగే. పల్లీల పొడి, నువ్వుల పొడి రుచిగానే ఉంటాయి గానీ వాటిల్లో నూనె ఎక్కువ, కొన్నాళ్ళకి మాగిన వాసన వస్తుంది. అవి పది రోజులకి సరిపడా మాత్రమే కొట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

చారుపొడి మాత్రం ప్రతి ఇంట్లో ఉండి తీరాలని నా పట్టుదల. నాలుగు చెంచాల ధనియాలు, రెండు చెంచాల కందిపప్పు, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, మూడు ఎండుమిర్చి దోరగా వేయించి పొడి చేస్తే అయిపోయింది. కొనే పొడి మీద వచ్చే ఆదా పెద్దదేమీ కాదు. కానీ ఇది ఇంట్లో ఉంటే చారు పావుగంటలో పొయ్యి దిగుతుంది, ఆ పావుగంట ఎన్నో ఆర్డర్లని ఆపుతుంది.

ఒక్కసారి ఉడికిన పప్పు

రోజూ కుక్కర్ పెట్టే అలవాటుంటే దాన్ని రెండ్రోజులకి ఒకసారికి మార్చండి. రెండు పూటలకి సరిపడా కందిపప్పు అరగంట నానబెట్టి, పసుపు, రెండు చుక్కల నూనె వేసి ఉడికించండి. ఉప్పు, చింతపండు, టమాటా ఏవీ వేయొద్దు. పులుపు తగిలితే పప్పు గింజ మెత్తబడటానికి మొరాయిస్తుంది, అప్పుడు విజిల్ మీద విజిల్, గ్యాసు మీద గ్యాసు. మెత్తగా ఉడికినదాన్ని రెండు గిన్నెల్లోకి తీసి, ఒకటి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

మొదటి రోజు గిన్నెలో విడిగా మగ్గించిన టమాటానో, తోటకూరో, దోసకాయో కలిపి తాలింపు పెడితే పప్పు కూర. రెండో రోజు గిన్నె పప్పుచారుకి. సొరకాయ, ములక్కాడ, ఉల్లిపాయ చింతపండు పులుసులో ఉడుకుతుంటే ఈ పప్పు మెదిపి కలిపేయడమే. ఉడికిన పప్పు పైన తేరిన కట్టుని వంపేసుకుంటే కట్టు చారు అవుతుంది. ఒకే పప్పు మూడు రూపాల్లో వచ్చింది. పిల్లలు "మళ్ళీ ఇదేనా" అని అడగరు.

ఇలాగే ముందు చేసి పెట్టుకోదగింది చింతపండు గుజ్జు. పావుకిలో చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి, చిక్కగా రసం తీసి, ఉప్పు, పసుపు, కాస్త నూనె వేసి, నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి పడేసి దగ్గర పడేదాకా ఉడికించండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఏమీ కాదు. అన్నం వండుకుని తాలింపు పెట్టుకుంటే పులిహోర, చెంచాడు నీళ్ళలో కలిపితే పులుసు. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా వారానికోసారి చాలు. కొద్దిగా ఉప్పూ నూనే కలిపి నూరితే రంగు మారడం తగ్గుతుంది.

పిండి ఉన్న ఇంటికి భయం లేదు

ఇడ్లీ దోసెల పిండి ప్యాకెట్లు ఇప్పుడు ప్రతి సందులోనూ అమ్ముతున్నారు. అత్యవసరానికి తెచ్చుకోవచ్చు. కానీ గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల దొడ్డు బియ్యం, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు నానబోసి ఇంట్లో రుబ్బితే వచ్చే పిండి ముందు ఆ ప్యాకెట్ ధర ఎప్పుడూ ఎక్కువే. నిన్నటిదో మొన్నటిదో తెలియని పులుపు బాధా ఉండదు.

పిండిని వాడే వరస తెలిస్తే ఒక్క చుక్క పారబోయక్కర్లేదు. పొంగిన మొదటి రోజు ఉత్త దోసెలు. రెండో రోజు ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి ఊతప్పం. మూడో రోజుకి పులుపెక్కుతుంది, అప్పుడు అల్లం, జీలకర్ర కలిపి గుంట పొంగణాలు. ఇంకా మిగిలితే కాస్త బియ్యప్పిండి చేర్చి పునుకులు. ఇడ్లీరవ్వతో చేసిన పిండి మిగిలితే దానికి దిబ్బరొట్టెని మించిన గతి లేదు. మందపాటి మూకుట్లో రెండు చెంచాల నూనె వేడిచేసి, మూడు గరిటెల పిండి పోసి, మూత పెట్టి, బాగా సన్నని సెగ మీద వదిలేయండి. పావుగంటకి అడుగున ఎర్రటి చెక్కు కడుతుంది. తిప్పి మరో ఐదు నిమిషాలు. గోదావరి జిల్లాల్లో దీన్ని చెరకు పానకంతో తింటారు. మామూలు రోజుల్లో ఆవకాయ చాలు. ఆ ఇరవై నిమిషాలూ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు, పిల్లల హోంవర్క్ చూసుకోవచ్చు.

పిండి పులియబెట్టే ముందుచూపు లేనివాళ్ళకి పెసలున్నాయి. పొద్దున ఆఫీసుకి బయల్దేరేముందు రెండు గ్లాసుల పెసలు, గుప్పెడు బియ్యం నీళ్ళలో పోసి వెళ్ళండి, ఎండాకాలమైతే ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బగానే పెసరట్టు. పులియాల్సిన పని లేదు. పొద్దున అర నిమిషం పనితో సాయంత్రం ఏడింటి ప్రశ్నకి జవాబు దొరికింది.

ఇంకా మూడు చెప్పి ఈ భాగం ముగిస్తాను. అనంతపురం, కర్నూలు వైపు ఉగ్గాణి. బొరుగులు నీళ్ళలో ముంచి వెంటనే పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లడమే, పది నిమిషాలు. తెలంగాణలో సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లిపాయ తరుగు కలిపి ముద్ద చేసి, చల్లటి మూకుడుకే పల్చగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, వాటిల్లో నూనె చుక్కలు వేసి మూతపెట్టి కాల్చాలి. కోస్తాలో ఉప్పుడు పిండి. ఒకటికి రెండు నీళ్ళు, గుప్పెడు పెసరపప్పు, బియ్యపు రవ్వ. బియ్యం కడిగి ఆరబెట్టి బరకగా పట్టించిన రవ్వ డబ్బాలో ఉంటే ఇది అరగంట లోపే అయిపోతుంది. మూడింటికీ ముడిసరుకు బియ్యమో బొరుగులో, అవి ఎప్పుడూ ఇంట్లో ఉండేవే. కూరగాయల కోసం పరుగు లేదు.

మిగిలిన అన్నం, మిగిలిన తొక్కలు

మిగిలిన అన్నం విషయంలో ఒక జాగ్రత్త ముందు చెప్పాలి. వండిన అన్నంలో కొన్ని సూక్ష్మజీవుల బీజాలు వేడికి కూడా చావకుండా మిగులుతాయి. అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకని మిగులుతుందని తెలియగానే, రెండు గంటలు దాటకముందే, వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మర్నాడు అది పొడిపొడిగా ఉంటుంది కాబట్టి తాలింపు అన్నానికీ నిమ్మకాయ పులిహోరకీ వేడన్నం కంటే బాగా పనికొస్తుంది. చద్దన్నం చేసుకునేవాళ్ళు కూడా గిన్నెలో అలా వదిలేయకుండా, అన్నం ఆరగానే నీళ్ళు, పుల్లమజ్జిగ పోసి కలపాలి. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. నిన్నటి అన్నం వాసన తేడాగా ఉంటే మాత్రం పొదుపు పేరు చెప్పి తినకండి. ఒక్క డాక్టరు ఫీజు ఎన్ని కిలోల బియ్యానికి సమానమో లెక్క వేసుకోండి.

కూరగాయల్లో మనం పారేసే భాగాల్లో సగం తినదగ్గవే. బీరకాయ చెక్కు తీసేటప్పుడు గట్టి ఈనెలు మాత్రం పారేసి, మిగతా పొట్టు ఉంచండి. చెక్కు తీసే ముందే కాయని ఉప్పునీళ్ళలో బాగా కడగాలి. కొద్ది నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి వేయించి తీసి, అదే మూకుట్లో పొట్టు, పచ్చిమిర్చి తడి పోయేదాకా మగ్గించి, చింతపండు, ఉప్పుతో బరకగా రుబ్బితే బీరపొట్టు పచ్చడి. చాలామందికి బీరకాయ కూర కంటే ఇదే ఇష్టం. లేత సొరకాయ తొక్కుతోనూ ఇలాగే చేయొచ్చు. ఒక్క మాట. బీరకాయైనా సొరకాయైనా చిన్న ముక్క కొరికి చూసి చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు ఒంటికి మంచిది కాదు, వండినా పోదు.

పుచ్చకాయలో ఎరుపుకీ పచ్చతొక్కకీ మధ్య ఉండే తెల్లటి భాగం పప్పులోనో పెరుగు పచ్చడిలోనో సొరకాయ పనే చేస్తుంది. కొత్తిమీర కాడలు చారులోకి. ఉడకబెట్టిన కాబూలీ శనగల నీళ్ళు, కూరగాయలు ఉడికిన నీళ్ళు చపాతీ పిండి కలపడానికి. బియ్యం కడుగు నీళ్ళు మొక్కలకి. నెయ్యి కాచిన గిన్నెలో నాలుగు ముద్దల అన్నం, చిటికెడు కందిపొడి కలిపి ఎవరికి పెట్టాలన్నది మాత్రం ఇంట్లో తగువులాటకి వదిలేస్తున్నాను.

ఎప్పుడు కొనాలి

ఎక్కడ కొనాలన్నదాని కంటే ఎప్పుడు కొనాలన్నదానిలో ఆదా ఎక్కువ. గుంటూరు యార్డుకి కొత్త మిర్చి దండిగా దిగేది శివరాత్రి అటూ ఇటూగా. చింతపండు కూడా అప్పుడే వస్తుంది. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఆ రోజుల్లో కొని, రెండు ఎండలు చూపించి, తొడిమలు తీసి మరపట్టిస్తే రంగూ ఘాటూ మీ కళ్ళ ముందే ఉంటాయి, కల్తీ భయం లేదు. చింతపండు గింజలూ ఈనెలూ తీసి, పొరకో గుప్పెడు రాతి ఉప్పు చల్లి జాడీలో నొక్కి పెట్టుకోవాలి. బియ్యం పాతవి కొనండి. ధర రెండు మూడు రూపాయలు ఎక్కువున్నా అన్నం ఒదుగుతుంది, గంజి కట్టదు.

టమాటా సంగతి అందరికీ అనుభవమే. 2023 జూలై, ఆగస్టుల్లో కిలో 150 రూపాయలు దాటింది. మదనపల్లె మార్కెట్లో రైతుకి కిలోకి రెండు మూడు రూపాయలు కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ ఉన్నాయి. చవకగా ఉన్న ఎండాకాలంలో నాలుగు కిలోలు నిల్వ పచ్చడి పెట్టుకున్న ఇల్లు వానాకాలంలో నిశ్చింతగా ఉంటుంది. ధర మండుతున్నప్పుడు పులుపు కోసం టమాటానే పట్టుకు వేలాడనక్కర్లేదు. చింతపండు, గోంగూర, చింతచిగురు, పచ్చి మామిడి, నిమ్మకాయ ఇవన్నీ మన వంటలో టమాటా కంటే ముందు నుంచి ఉన్నవే.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని. అక్కడ గోడ మీద ఆ రోజు ధరల పట్టిక ఉంటుంది. కొనకపోయినా ఒకసారి చదివి వస్తే, మీ వీధి బండి దగ్గర ఎంత బేరమాడొచ్చో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. వారానికి సరిపడా ఒకేసారి కొనేవాళ్ళు తినే వరస కూడా అనుకోవాలి. ఆకుకూరలు, బెండకాయ మొదటి రెండ్రోజులు. వంకాయ, బీర, చిక్కుడు నడిమధ్య. దోసకాయ, గుమ్మడి, కంద, బంగాళాదుంప చివర్లో. ఈ వరస తప్పడం వల్లే చెత్తబుట్ట నిండుతుంది. ఆకుకూర తడి లేకుండా పాత న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టండి. పచ్చిమిర్చి తొడిమలు తీసేయండి. ఉల్లిపాయల్నీ బంగాళాదుంపల్నీ ఒకే బుట్టలో ఉంచొద్దు, రెండూ తొందరగా పాడవుతాయి.

ఏడాదికి కొన్న పప్పులు పురుగు పట్టకుండా కందిపప్పుకి కొద్దిగా ఆముదం పట్టించడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి తిరుగులేదు. బియ్యం డబ్బాలో ఎండిన వేపాకు వేయొచ్చు. ఉప్మారవ్వ, గోధుమపిండి కొన్న వెంటనే మూడు నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచి తీస్తే గుడ్లు చచ్చిపోతాయి.

గ్యాసు, కరెంటు

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, అందరికీ తెలిసినవే. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. కొత్తది పెట్టిన తేదీ కాలెండర్ మీద రాయడం మొదలుపెట్టండి. ఎన్నాళ్ళొస్తోందో కళ్ళకి కనబడితే మూతపెట్టి వండే అలవాటు దానంతటదే వస్తుంది. ఎసరు మరిగాక మంట తగ్గించినా వేడి నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది, పెద్ద మంట వల్ల ఆవిరే తప్ప అన్నం తొందరగా ఉడకదు. కుక్కర్‌కీ అంతే, మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించాలి. మంట పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. పిన్నీసుతో పొడవకుండా సబ్బునీళ్ళలో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. నీలం మంట వచ్చేదాకా గ్యాసు వృథాయే.

కరెంటులో దొంగ గీజరు. రెండు వేల వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. అందరూ వరసగా స్నానాలు చేసి స్విచ్ ఆపేస్తే సరి, పొద్దున్నుంచీ వేసి ఉంచితే కాదు. ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థ చెబుతోంది. తెలంగాణలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇళ్ళు నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోవాలి. 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

చిట్కాల్లో తాలు, గింజ

వాట్సాప్‌లో వచ్చే ఇంటి చిట్కాల్లో తాలు ఎక్కువ. అన్నిటికంటే పేరుమోసింది వంటసోడా మీద వెనిగర్ పోయడం. బుసబుసా పొంగుతుంది కాబట్టి బాగా శుభ్రం చేస్తోందనిపిస్తుంది. నిజానికి ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిస్తే దేని బలం దానికి పోయి ఉప్పునీళ్ళంత మిగులుతుంది. విడివిడిగా వాడండి. జిడ్డు పట్టిన స్టవ్‌కి తడి గుడ్డ మీద సోడా. బోరు నీళ్ళ తెల్లటి మరకలకి వెనిగర్ లేదా నిమ్ముప్పు. హైదరాబాద్‌లో బోరు నీటి మీద బతికే ఇళ్ళలో కుళాయిలకీ బకెట్లకీ కెటిల్ అడుగుకీ పేరుకునే ఆ తెల్ల పొర సున్నపు జాతిది, పులుపుకి కరుగుతుంది. కెటిల్‌లో నీళ్ళు పోసి రెండు చెంచాల నిమ్ముప్పు వేసి మరిగించి, అరగంట ఉంచి పారబోస్తే గీకే పనే ఉండదు. కిలో నిమ్ముప్పు ఇంటికి ఏడాది వస్తుంది, సీసాల్లో అమ్మే ఖరీదైన ద్రవాల అవసరం తగ్గుతుంది. రసం పిండేసిన నిమ్మచెక్కలు, పులుసు తీసిన చింతపండు పిప్పి ఇత్తడి కుందులు తోమడానికి దాచుకోండి.

బ్లీచింగ్ పౌడర్‌ని గానీ బ్లీచ్ ద్రవాన్ని గానీ టాయిలెట్ కడిగే యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

గారెలో బజ్జీలో వేయించగా మిగిలిన నూనె వడగట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకీ కూరలకీ వాడేయండి. మళ్ళీ మళ్ళీ కాచి వేయించడానికి వాడొద్దు. కాగినకొద్దీ నూనెలో పోగుపడే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె పనికిరాదని 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ హోటళ్ళకి హద్దు పెట్టింది. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కాబట్టి నల్లబడి, చిక్కబడి, నురుగొచ్చే నూనెని వదిలేయడమే కొలత.

ఎవరు చేయాలి

ఇంతవరకూ చెప్పిన పని ఒక్కరి నెత్తిన పడితే మూడో వారానికి అంతా ఆగిపోతుంది. "నేను కూడా హెల్ప్ చేస్తాను" అనే మగవాళ్ళు ఆ మాట మానేసి ఒక పొడి పూర్తిగా తమదిగా తీసుకోవాలి. అంటే కందిపప్పు అయిపోయిందని గమనించడం, తేవడం, వేయించడం, సీసా కడిగి ఎండబెట్టడం దాకా. గుర్తు పెట్టుకోవడం కూడా పనే, చాలా ఇళ్ళలో ఆ పని పంచుకోరు. పదేళ్ళ పిల్లలు వెల్లుల్లి ఒలుస్తారు, పచ్చిమిర్చి తొడిమలు తీస్తారు, చెబితే పెసలు నానబోస్తారు. పాలకి తోడు పెట్టడం పిల్లలకి అప్పజెప్పి చూడండి. వేలు ముంచి పట్టుకోగలిగినంత గోరువెచ్చదనం ఎంతో రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటారు, పొద్దున్నే గడ్డ కట్టిందా లేదా అని అందరికంటే ముందు వాళ్ళే మూత తీసి చూస్తారు.

నెలాఖరు వారంలో కొత్త సరుకు కొనడం ఆపేయండి, పాలు, ఆకుకూరలు తప్ప. ఆ వారమంతా డబ్బాల అడుగులు వండుకోవడమే. పిడికెడు శనగపప్పు, పిడికెడు కందిపప్పు, కాసిని పెసలు, అలసందలు, గుప్పెడు బియ్యం, ఎన్ని రకాల చిల్లర పప్పులుంటే అన్నీ కలిపి పొద్దున నానబోయండి. సాయంత్రం ఎండుమిర్చి, జీలకర్ర, అల్లం వేసి బరకగా రుబ్బి, ఉల్లిపాయ కలిపి మందంగా అట్లు పోయండి. అంచుల చుట్టూ నూనె కాస్త ధారాళంగానే వేయాలి, లేకపోతే పెనం వదలదు.